సినిమా ఎలా ఉంది?

సినిమా చూసి వచ్చినవాళ్లను మనం అడిగే మొదటి ప్రశ్న ఇదే. జగదాంబ జంక్షన్‌లో ఆట వదిలిన తర్వాత హాలు మెట్ల మీద ఈ ప్రశ్న వినిపిస్తుంది. ఉక్కునగరం బస్సులో వినిపిస్తుంది. సోమవారం ఉదయం ప్రార్థన గంట కొట్టకముందు బడి ఆవరణలో తప్పకుండా వినిపిస్తుంది. సినిమా గురించే కాదు, టీవీలో వచ్చే సీరియల్ గురించీ, ఫోనులో చూసే వెబ్ సిరీస్ గురించీ కూడా ఇదే అడుగుతాం. జవాబులూ మనకు అలవాటైనవే. "అదిరింది." "బోరు." "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశాడు."

ఇందులో సైన్సుకు ఏం పని ఉందని మీకు అనిపించవచ్చు. చాలా పని ఉంది. ముందుగా మీకు బాగా తెలిసిన ఒక ప్రయోగం గుర్తు చేసుకుందాం.

బడి ప్రయోగశాలలో మీరు లఘులోలకం ప్రయోగం చేసి ఉంటారు. సుమారు ఒక మీటరు దారానికి చిన్న ఇనుప గుండు కట్టి ఊపుతారు. 20 డోలనాలకు ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచీతో కొలుస్తారు. సుమారు 40 సెకన్లు రావాలి. పదిమంది విడివిడిగా కొలిస్తే ఒకరికి 39.6, ఇంకొకరికి 40.5, మరొకరికి 40.2, ఇలా కొద్ది కొద్ది తేడాలతో వస్తాయి. సగటు తీస్తే అసలు విలువకు దగ్గరగా ఉంటుంది. అయితే మొదట కొలిచిన కుర్రవాడు "నాకు 42 వచ్చింది!" అని గట్టిగా అరిచాడనుకోండి. ఆ తర్వాత మిగతావాళ్ల నోటు పుస్తకాలు తెరిచి చూడండి. 41.8, 42, 42, 41.9 అని ఉంటాయి! పదిమంది కొలిచినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి కొలిచినది ఒక్కడే.

సినిమా గురించి మనం చెప్పే అభిప్రాయం కూడా ఇలాంటి రీడింగే. కొలిచే పరికరం మాత్రం స్టాప్‌వాచీ కాదు, మీ మనసు. ఆ పరికరం ఎలా పనిచేస్తుంది? దాని రీడింగును ఎంతవరకు నమ్మవచ్చు? పక్కవాడి రీడింగు చెవిన పడితే దానికి ఏమవుతుంది? వరుసగా చూద్దాం.

ఒక అభిప్రాయంలో మూడు మాటలు

మన విశాఖకు సంబంధించిన సినిమానే ఉదాహరణగా తీసుకుందాం. 2017 ఫిబ్రవరిలో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 'ఘాజీ' అనే సినిమా విడుదలైంది. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధ సమయంలో విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి పేరే ఘాజీ. సముద్ర గర్భంలో ఒక భారత జలాంతర్గామికీ ఘాజీకీ మధ్య జరిగిన పోరాటంగా సినిమా కథ నడుస్తుంది. తెలుగులో ఉత్తమ చిత్రంగా దీనికి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

ఈ సినిమా చూసిన ఒక విద్యార్థి ఇలా అన్నాడనుకోండి: "సినిమా నాకు చాలా నచ్చింది. అప్పుడు అచ్చం అలాగే జరిగింది. ఇది అందరికీ నచ్చుతుంది." వినడానికి ఇది ఒకే అభిప్రాయంలా ఉంది. విడదీసి చూస్తే మూడు వేర్వేరు మాటలు బయటపడతాయి.

మొదటిది, "నాకు నచ్చింది." ఇది ఇష్టం. దీనికి సాక్షి అతడొక్కడే. "కాదు, నీకు నచ్చలేదు" అని ఇంకొకరు అనడానికి వీలులేదు. వంకాయ కూర ఇష్టమైనవాడితో వాదించి దాన్ని అయిష్టంగా మార్చలేం గదా!

రెండోది, "అచ్చం అలాగే జరిగింది." ఇది ఇష్టం కాదు, వాస్తవం గురించి చెప్పిన మాట. దీన్ని పరీక్షించవచ్చు. ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే యుద్ధనౌక నీటిలోకి వదిలిన డెప్త్ చార్జీలు, అంటే నీటి లోతున పేలే బాంబులు, దాన్ని ముంచాయని భారత నౌకాదళం ప్రకటించింది. అది ప్రమాదవశాత్తు జరిగిన పేలుడులో మునిగిందని పాకిస్తాన్ వైపువారు చెబుతారు. కారణం విషయంలో రెండు కథనాలూ కలవవు. కాని రెండింటిలోనూ జలాంతర్గామికీ జలాంతర్గామికీ మధ్య పోరాటం లేదు. కాబట్టి "అచ్చం అలాగే జరిగింది" అనే మాట నిలబడదు. సినిమా కల్పన చేసింది. కథకు ఆ స్వేచ్ఛ ఉంది. వాస్తవం తెలిసినంత మాత్రాన మీ ఇష్టం తగ్గిపోనక్కరలేదు. అలాగే, ఇష్టపడినంత మాత్రాన కల్పన చరిత్ర అయిపోదు.

ఇలాంటి మాటలను పరీక్షించడానికి మన ఊళ్లోనే అవకాశం ఉంది. "జలాంతర్గామి లోపల నిజంగా అంత ఇరుకుగా ఉంటుందా?" అని సందేహం వచ్చిందా? రామకృష్ణా బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కుర్సురా ఉంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి అది. 2002లో దాన్ని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. లోపలికి వెళ్లి గుండ్రటి తలుపుల గుండా దూరి చూస్తే జవాబు మీ భుజాలకే తెలుస్తుంది. "నీటిలో శబ్దం అంత బాగా పయనిస్తుందా?" అన్న సందేహానికి మీ భౌతికశాస్త్ర పుస్తకం చాలు. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు.

మూడోది, "అందరికీ నచ్చుతుంది." ఇది ఇతరుల మనసుల గురించి చెప్పిన జోస్యం. దీన్ని తేల్చాలంటే లెక్కపెట్టాలి. ఎవరిని, ఎంతమందిని, ఎలా అడగాలి అన్నది పెద్ద శాస్త్రం. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఒకే తెర, వేర్వేరు సినిమాలు

ఒకే హాలులో పక్క పక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు మిత్రులు బయటికి వచ్చి పోట్లాడుకుంటారు. ఒకరికి హీరో చేసిన పని ధైర్యంగా కనిపిస్తే, రెండో వారికి దౌర్జన్యంగా కనిపిస్తుంది. ఇద్దరూ చూసినది ఒకటేనా?

అమెరికాలో 1951 నవంబరులో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ అనే రెండు విద్యాసంస్థల జట్లు ఫుట్‌బాల్ ఆడాయి. ఆట మొరటుగా సాగింది. రెండు వైపులా ఆటగాళ్లు గాయపడ్డారు. ఆల్బర్ట్ హేస్టోర్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ ఆటను చిత్రించిన ఫిల్మును రెండు సంస్థల విద్యార్థులకూ చూపించారు. నియమాల ఉల్లంఘన కనిపించినప్పుడల్లా కాగితం మీద గుర్తు పెట్టమన్నారు. ఫిల్ము ఒకటే. కాని డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థుల లెక్కలో, డార్ట్‌మత్ విద్యార్థుల లెక్కకు రెట్టింపు పైగా తేలాయి! ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి కనిపించినది వారు గుర్తు పెట్టారు. ఈ ఫలితాలను 1954లో ప్రకటించారు.

కాబట్టి మన అభిమాన నటుడి సినిమా చూసేటప్పుడు కళ్లు మాత్రమే చూడవు, అభిమానం కూడా చూస్తుంది. ఎదుటి హీరో అభిమాని కావాలని తప్పులు వెదుకుతున్నాడని మీకు అనిపిస్తుంది. అతనికీ మీ గురించి అలాగే అనిపిస్తుంది.

ఇంకో విశేషం ఉంది. మనం అభిప్రాయం చెప్పేది సినిమా నడుస్తుండగా కాదు, అయిపోయిన తర్వాత. అంటే రెండున్నర గంటల సినిమాను కాక, దాని జ్ఞాపకాన్ని కొలుస్తున్నాం. జ్ఞాపకం అన్ని నిమిషాలనూ సమానంగా దాచుకోదు. డేనియల్ కానమన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1993లో ప్రకటించిన ఒక ప్రయోగం చూడండి. 32 మంది విద్యార్థులు ఒకసారి 14 డిగ్రీల సెల్సియస్ చల్లటి నీటిలో 60 సెకన్లు చెయ్యి పెట్టారు. ఇంకోసారి రెండో చేతిని అదే నీటిలో 60 సెకన్లు ఉంచి, తీయకుండా మరో 30 సెకన్లు ఉంచారు. ఈ చివరి 30 సెకన్లలో నీటిని మెల్లగా 15 డిగ్రీలకు వెచ్చబరిచారు. అప్పటికీ అది చల్లగానే ఉంది. మూడోసారి ఈ రెంటిలో ఏది చేస్తారని అడిగితే 22 మంది రెండోదాన్నే ఎంచుకున్నారు. ఎక్కువ సేపు బాధ ఉన్నదాన్నే కోరుకున్నారన్నమాట! దాని ముగింపు కాస్త హాయిగా ఉంది గనుక.

అనుభవంలోని పతాక ఘట్టమూ, ముగింపూ మన జ్ఞాపకంలో ఎక్కువ బరువు తూగుతాయి. క్లైమాక్స్ బాగుంటే నడుమ సాగదీసిన గంటను క్షమించేస్తాం. క్లైమాక్స్ చెడితే అంతకుముందు నవ్విన నవ్వులన్నీ మరచి "వేస్టు" అనేస్తాం. అందుకే "ఎలా ఉంది?" అన్నప్పుడు ఒక్క ముక్కలో తేల్చకుండా "ఏ భాగం ఎలా ఉంది?" అని మనల్ని మనమే అడగడం మంచి పద్ధతి.

గుట్ట మీది గుప్పెడు

ఇప్పుడు "అందరికీ నచ్చుతుంది" అన్న మూడో మాటకు వద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒకసారి రేవు దగ్గరికి వెళ్లాలి.

బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీదుగా ఇనుప ఖనిజం మన విశాఖకు వస్తుంది. ఖనిజంలో ఇనుము ఎంత శాతం ఉందన్నదాన్ని బట్టి దాని ధర ఉంటుంది. వేల టన్నుల సరుకును పూర్తిగా పరీక్షించడం సాధ్యం కాదు. కొంత నమూనా తీసి పరీక్షించాలి. గుట్ట పైనుంచి ఒక గుప్పెడు తీస్తే సరిపోతుందా? సరిపోదు. ఖనిజాన్ని గుట్టగా పోసినప్పుడు పెద్ద ముక్కలు దొర్లి అడుగు అంచుల్లోకి చేరతాయి. సన్నటి పొడి మధ్యలో నిలుస్తుంది. ఎక్కడ చెయ్యి పెడితే అక్కడి సంగతే తెలుస్తుంది తప్ప గుట్ట సంగతి తెలియదు. అందుకని ఖనిజం కన్వేయర్ బెల్టు మీద పోతుండగా, నిర్ణీత వ్యవధుల్లో కొంచెం కొంచెం తీసి, అన్నిటినీ కలిపి, పొడిచేసి, అందులోంచి ప్రయోగశాలకు పంపుతారు. ప్రతి భాగానికీ నమూనాలో చోటు దొరకాలి. అదే నియమం.

సినిమా అభిప్రాయాల్లో మనం తరచు గుట్ట మీది గుప్పెడునే పట్టుకుంటాం. మొదటి రోజు మొదటి ఆటకు పరుగెత్తేది ఎవరు? ఎక్కువగా వీరాభిమానులు. హాలు బయట మైకు ముందుకు వచ్చి అరిచేది ఎవరు? బాగా సంతోషించినవారు, లేకపోతే బాగా కోపం వచ్చినవారు. "ఫరవాలేదు" అనుకున్నవారు నెమ్మదిగా ఇంటికి పోతారు. వారి అభిప్రాయం ఎక్కడా నమోదు కాదు. ఫోనులో నక్షత్రాలు వేసేవారిలోనూ ఇదే తంతు.

సగటు కూడా ఒక్కొక్కసారి మోసం చేస్తుంది. ఒక సినిమాకు వందమందిలో ప్రతివారూ 5కు 3 నక్షత్రాలు వేశారు. ఇంకో సినిమాకు 50 మంది 5 వేశారు, 50 మంది 1 వేశారు. రెంటికీ సగటు 3. మొదటిది ఎవరినీ పెద్దగా కదిలించని సినిమా. రెండోది సగంమంది నెత్తిన పెట్టుకుని, సగంమంది తిట్టిన సినిమా. సగటు ఒకటే కాని సినిమాలు ఒకటి కావు! అందుచేత నక్షత్రాలు చూసినప్పుడు "సగటు ఎంత?" అనే కాక "ఎంతమంది వేశారు? ఎవరెవరు ఎంతెంత వేశారు?" అని కూడా చూడాలి.

ఎద్దు బరువు చెప్పిన జనం

సామాన్య జనం మాటకు విలువ లేదా? ఉంది. చాలా ఉంది. 1906లో ఇంగ్లాండులోని ప్లిమత్ పట్టణంలో పశువుల ప్రదర్శన జరిగింది. ఒక ఎద్దును చూపించి, దాన్ని కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో ఊహించి చీటీ మీద రాయమని పోటీ పెట్టారు. చదవడానికి వీలైన చీటీలు 787 వచ్చాయి. రాసినవారిలో కసాయివారు, రైతులు ఉన్నారు, ఏమీ తెలియని సరదారాయుళ్లూ ఉన్నారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ చీటీలను సేకరించి, అంకెలను వరుసగా పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూశాడు. మీ గణితంలో దాన్ని మధ్యగతం అంటారు. అది 1,207 పౌన్లు. అసలు బరువు 1,198 పౌన్లు. తేడా నూటికి ఒకటి కూడా లేదు!

కొందరు ఎక్కువగా, కొందరు తక్కువగా ఊహించారు. ఎక్కువలూ తక్కువలూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకున్నాయి. మన లోలకం రీడింగులు సగటులో సర్దుకున్నట్టే.

అయితే ఒక సంగతి మరవకండి. ఆ 787 మందీ ఎవరి చీటీ వారు రాసుకున్నారు. "నేను 1,500 రాశాను" అని ఒక పెద్దమనిషి ముందే వేదిక మీద నిలబడి ప్రకటించి ఉంటే? అందరి తప్పులూ ఒకే దిక్కుకు ఒరిగేవి. అప్పుడు అవి రద్దు కావు. జనం తెలివి అంతా ఆ చీటీల స్వతంత్రంలో ఉంది.

పక్కవాడి మాట

స్వతంత్రంగా ఉండడం అంత తేలికా? సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1951లో ప్రకటించిన ప్రయోగాన్ని చూడండి. కొద్దిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఒక గీత చూపించాడు. పక్కనే మరో మూడు గీతలు చూపించి, వీటిలో ఏది మొదటి గీతతో సమానమని అడిగాడు. చిన్న పిల్లలు కూడా చెప్పగల ప్రశ్న అది. కాని ఆ గదిలో ఒక్కడే అసలు విద్యార్థి. మిగతావారంతా తప్పు జవాబు చెప్పాలని ముందే మాట్లాడుకుని వచ్చినవారు. వారంతా వరుసగా తప్పు చెప్పాక, ఇతని వంతు వచ్చేది. అలాంటి సందర్భాల్లో దాదాపు మూడింట ఒక వంతు జవాబులు తప్పువారితో కలిసిపోయాయి. ఒంటరిగా అడిగినప్పుడు మాత్రం దాదాపు ఎవరూ పొరబడలేదు.

తర్వాత విచారిస్తే కొందరు తమ కళ్లనే అనుమానించామన్నారు. కొందరు తమకు నిజం తెలిసినా గుంపులో వేరుగా కనిపించడం ఇష్టం లేక అలా అన్నామన్నారు. కళ్లెదుట ఉన్న గీత విషయంలోనే ఇలా ఉంటే, కొలబద్ద లేని సినిమా విషయంలో ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఈ ప్రయోగంలో ఇంకో ముఖ్యమైన భాగం ఉంది. గుంపులో ఒక్కడు, కేవలం ఒక్కడు సరైన జవాబు చెబితే చాలు, అసలు విద్యార్థి చేసే తప్పులు బాగా తగ్గిపోయాయి. మీ తరగతిలో అందరూ "బోరు" అన్న సినిమాను మీరు "నాకు నచ్చింది, ఇదిగో ఇందువల్ల" అని నెమ్మదిగా చెప్పారనుకోండి. అప్పటిదాకా నోరు విప్పని ఇద్దరు ముగ్గురు "నాకూ నచ్చింది" అంటారు. మీ ఒక్క మాట వారికి వారి మాటను తిరిగి ఇచ్చింది.

ఎవరికీ తెలియని 48 పాటలు

గుంపు మాట సినిమా, పాట వంటివాటి భవిష్యత్తును ఎంతగా మార్చగలదు? అమెరికాలో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని కొలిచారు. 2006లో ఫలితాలు ప్రకటించారు. ఎవరికీ పరిచయంలేని బృందాలు పాడిన 48 పాటలను కంప్యూటర్ ద్వారా 14,341 మందికి వినిపించారు. విని, నచ్చితే దింపుకోవచ్చు. ఒక గుంపులోని వారికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు లోకాలుగా విభజించారు. ఈ లోకాల్లో ప్రతి పాట పక్కనా, తమ లోకంలో ఎంతమంది దాన్ని దింపుకున్నారో అంకె కనిపించేది. ఎవరు ఎందులోకి పోవాలన్నది చీటీ తీసినట్టుగా నిర్ణయించారు.

అన్ని లోకాల్లోనూ అవే పాటలు. పాటల్లో ఉన్న గుణమే గెలిపిస్తుందంటే, అన్నిటిలోనూ ఒకే పాట ముందుండాలి. అలా జరగలేదు. విడిగా విన్నవారి లెక్కలో 26వ స్థానంలో ఉన్న ఒక పాట, ఒక లోకంలో మొదటి స్థానానికి ఎక్కింది. ఇంకో లోకంలో 40వ స్థానానికి పడిపోయింది! చాలా మంచి పాటలు పూర్తిగా పడిపోవడం అరుదు. చాలా నాసి పాటలు పైకి ఎక్కడమూ అరుదు. కాని నడుమ ఉన్న పాటల తలరాతను తొలి కొద్దిమంది మాటే చాలావరకు రాసింది.

మన సినిమాల్లోనూ తొలి మాటకున్న బలం కనిపిస్తుంది. 1980 ఫిబ్రవరిలో కె. విశ్వనాథ్ తీసిన 'శంకరాభరణం' విడుదలైనప్పుడు హాళ్లు బోసిగా ఉన్నాయి. పెద్ద తారలు లేరు. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులు రంగస్థలం నుంచి వచ్చినవారు. చూసిన కొద్దిమంది ఇంకొందరికి చెప్పారు. వారు మరికొందరికి చెప్పారు. కొద్దిరోజుల్లో హాళ్లు నిండాయి. 2018 సెప్టెంబరులో మన విశాఖ పేటలోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. దర్శకుడు వెంకటేష్ మహా. నటించినవారిలో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందు నిలబడనివారు, కంచరపాలెంలోనే ఉండేవారు. విడుదలకు ముందే చూసిన సినీ ప్రముఖుల ప్రశంసలూ, చూసినవారి నోటి మాటా ఆ చిన్న సినిమాను దూర ప్రాంతాలకు తీసుకుపోయాయి. నాలుగు ప్రేమకథలు చివరికి ఎలా కలుస్తాయో మాత్రం నేను చెప్పను. ముగింపు ముందే తెలిస్తే సరదా పోతుందా అన్నదాని మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. చిన్న కథలతో చేసిన పరిశోధనల్లో 2011 నాటి ఒకటి తెలిసినా పోదంది, 2015 నాటి ఇంకొకటి పోతుందంది. అలాంటప్పుడు అడగకుండా చెప్పకపోవడమే మర్యాద.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనకు గుర్తున్నవి నిలిచిన సినిమాలే. మొదటి ఆట తర్వాత ఎవరో నలుగురు "బాగాలేదు" అంటే, ఆ మాటే నాలుగు వందలమంది నోట తిరిగి, చూసేవారు లేక పోయిన సినిమాల్లో మంచివి ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు? ఒక సినిమా వెనక ఎందరో మనుషుల నెలల తరబడి కష్టం ఉంటుంది. చూడకుండానే "బాగాలేదట" అనడం, లోలకాన్ని ఊపకుండానే నోటు పుస్తకంలో 42 అని రాయడం వంటిది.

తరగతిలో చేసి చూడండి

ఇదంతా నా మాట మీద నమ్మకండి. మీ సైన్సు టీచరును అడిగి ఈ ప్రయోగం చేయండి.

పది పదిహేను నిమిషాల చిన్న చిత్రం ఒకటి ఎంచుకోండి. తరగతిలో ఎవరూ ఇంతకుముందు చూసి ఉండకూడదు. చీటీలు తీసి తరగతిని రెండు జట్లుగా చేయండి. మీకు ఇష్టం వచ్చినట్టు విభజిస్తే స్నేహితులంతా ఒకవైపు చేరతారు, నమూనా చెడుతుంది. రెండు జట్లకూ వేర్వేరు గదుల్లో అదే చిత్రం చూపండి.

మొదటి జట్టువారు చూసిన వెంటనే, ఒక్క మాటైనా మాట్లాడకుండా, పదికి ఎన్ని మార్కులో చీటీ మీద రాసి మడిచి ఇవ్వాలి. రెండో జట్టులో ఇద్దరితో ముందే రహస్యంగా మాట్లాడి ఉంచండి. చిత్రం అవగానే వారు "చాలా బోరు, నేనైతే రెండే ఇస్తాను" అని పైకి అనాలి. తర్వాత మిగతావారు ఒక్కొక్కరే లేచి పైకి మార్కులు చెప్పాలి.

ఆ ఇద్దరి మార్కులు వదిలేసి, రెండు జట్లకూ సగటు, మధ్యగతం కట్టండి. ఉదాహరణకు ఏడుగురి మార్కులు 3, 4, 6, 7, 7, 8, 10 అయితే మధ్యగతం 7, సగటు సుమారు 6.4. మార్కులు ఎంత దూరం పరుచుకున్నాయో కూడా గమనించండి. మొదటి జట్టులో 3 నుంచి 10 దాకా ఉన్నవి, రెండో జట్టులో దగ్గర దగ్గరగా చేరాయా? ప్రయోగం అయ్యాక రెండో జట్టుకు అసలు సంగతి తప్పకుండా చెప్పాలి. ఒక తరగతిలో ఒకసారి చేసినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. ఇంకో తరగతిలో ఇంకో చిత్రంతో, ఈసారి ఆ ఇద్దరితో పొగిడించి, మళ్లీ చేయండి. ఫలితం మేం చెప్పినదానికి విరుద్ధంగా వస్తే దాచకండి. అదీ ఫలితమే.

ఇంటి దగ్గర ఒక్కరే చేయగలిగింది కూడా ఉంది. ఈసారి సినిమాగాని సీరియల్‌గాని చూశాక, ఎవరితోనూ మాట్లాడకముందు, ఫోను తెరవకముందు, మూడు వాక్యాలు రాసుకోండి. నాకు నచ్చినది ఏది? నచ్చనిది ఏది? నిజమో కాదో వెదికి చూడవలసినది ఏది? ఆ తర్వాత హాయిగా మాట్లాడుకోండి, వాదించుకోండి. మిత్రుడి వాదన బాగుంటే మీ అభిప్రాయం మార్చుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. మొదట మీ రీడింగు ఒకటి కాగితం మీద ఉంటేనే, మారినది ఏమిటో మీకు తెలుస్తుంది.

ఆలోచించి జవాబు రాయండి

1. "ఈ సీరియల్ చూస్తే పోలీసు దర్యాప్తు ఎలా జరుగుతుందో తెలుస్తుంది. అందుకే మా వీధిలో అందరూ చూస్తున్నారు. నాకైతే ప్రాణం." ఈ మాటల్లో ఇష్టం ఏది? పరీక్షించదగిన వాస్తవం ఏది? లెక్కపెట్టి తేల్చవలసినది ఏది?

2. ఒక సినిమాకు 12 మంది వేసిన నక్షత్రాల సగటు 4.8. ఇంకో సినిమాకు 9,000 మంది వేసిన సగటు 4.1. ఏ సగటును ఎక్కువ నమ్ముతారు? నమ్మేముందు ఇంకా ఏమేమి తెలుసుకోవాలి?

3. మీ బడిలో 600 మంది ఉన్నారు. వార్షికోత్సవంలో ఏ సినిమా వేయాలో 60 మందిని అడిగి తేల్చాలి. రేవులో ఖనిజం నమూనా తీసే పద్ధతిని గుర్తు చేసుకుని, ఆ 60 మందిని ఎలా ఎంచుకుంటారో రాయండి.